'నేను' అని రాయడానికి ఇంత కష్టమా?

పోయినేడాది డిసెంబరు నెల. సాయంత్రంపూట చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూచున్నాను. మా కింది వాటాలో ఉండే అమ్మాయి నాలుగు కాగితాలు పట్టుకుని పైకి వచ్చింది. పేరెందుకులెండి. ఉస్మానియా క్యాంపస్‌లో ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ చదువుతోంది. వాళ్ళ నాన్న అపార్టుమెంట్లలో కరెంటు వైరింగ్ పనులు చేస్తాడు. అమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది, చీరలకి ఫాల్, పీకో చేస్తుంది. మా తార్నాక వీధిలో సగంమంది ఆడవాళ్ళ కొలతలు ఆవిడ నోటుపుస్తకంలో ఉన్నాయి.

"ఆంటీ, మీరు కథలు రాస్తరు గద. నాది గూడ ఒకటి రాసిపెట్టరా? వెయ్యి పదాల లోపల ఉండాల్నంట" అంది.

"ఏ పత్రికకే?" అన్నాను సంబరంగా.

"పత్రికకి కాదాంటీ, యూరప్‌కి."

సంగతేమిటంటే, ఎరాస్మస్ ముండుస్ అని ఒక చదువుల పథకం ఉంది. యూరప్ సమాఖ్య వాళ్ళు 2004 నుంచీ నడుపుతున్నారు. రెండు మూడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే ఎమ్మెస్సీ చదివిస్తాయి. ఒక సెమిస్టరు ఒక దేశంలో అయితే, ఇంకోటి మరో దేశంలో. స్కాలర్‌షిప్పుకి ఎంపికైతే ఫీజు కట్టక్కర్లేదు, ఖర్చులకి నెలకి 1,400 యూరోలు వాళ్ళే ఇస్తారు. అందుకని ఒక్కో సీటుకి ప్రపంచం నలుమూలల నుంచీ పోటీ. మా అమ్మాయి కన్ను భూగర్భ జలాల కోర్సు మీద పడింది. మార్కులు పంపాలి, ఇంగ్లీషు పరీక్ష స్కోరు పంపాలి, మాస్టార్ల దగ్గర సిఫారసు ఉత్తరాలు తేవాలి. వీటన్నిటితో పాటు, నువ్వెవరు, ఎందుకు రావాలనుకుంటున్నావు అని నీ మాటల్లో ఒక ఉత్తరం రాయాలి.

ఆ ఉత్తరం దగ్గరే ఆగిపోయింది పిల్ల.

చేతిలో ఉన్న నాలుగు కాగితాలూ చదివాను. మొదటిది సీనియర్ ఎవరో ఇచ్చిన పాత ఉత్తరం. రెండోది అమీర్‌పేట వైపు ఒక కన్సల్టెన్సీ వాళ్ళు 'శాంపిల్' అని ఇచ్చింది. మొత్తం రాసిపెట్టడానికి అయిదు వేలు అడిగారట. మూడోది కంప్యూటరుని అడిగితే అది రాసిచ్చింది. మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. మూడింటి మొదటి వాక్యం ఇంచుమించు ఒక్కటే. చిన్ననాటి నుంచీ భూమి రహస్యాలన్నా, దాని లోతులన్నా నాకు అమితమైన ఆసక్తి అట! చిన్నప్పుడు ఈ పిల్ల మా మెట్ల మీద కూచుని అష్టాచెమ్మా ఆడటం నాకు గుర్తుంది కానీ, భూమి రహస్యాల మాట ఎత్తినట్టు గుర్తు లేదు.

నాలుగో కాగితం తను సొంతంగా రాసుకున్నది. అరపేజీ. 'మా తల్లిదండ్రుల ప్రోత్సాహం వల్ల, మా గురువుల ఆశీస్సుల వల్ల, దేవుని దయ వల్ల నాకు ఎమ్మెస్సీలో చేరే అవకాశం లభించింది. మా బృందం క్షేత్ర పర్యటన చేసింది. మా బృందం ఫలితాలు సాధించింది.' అలా సాగింది. రెండుసార్లు చదివాను. అందులో నాన్న ఉన్నాడు, గురువులున్నారు, దేవుడున్నాడు, బృందం ఉంది. ఈ పిల్ల మాత్రం ఎక్కడా లేదు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అచ్చం అలాంటి కాగితం ఒకటి నేనూ రాశాను.

2007. డిగ్రీ ఆఖరి సంవత్సరం. మా కాలేజీ నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. విదేశంలో ఒక సెమిస్టరు చదివే అవకాశం, ఖర్చంతా వాళ్ళదే, ఆసక్తి గలవారు దరఖాస్తు చేసుకోవచ్చును అని. ఆ రోజంతా కాళ్ళు నేల మీద నిలవలేదు. తార్నాక చౌరస్తా దగ్గర ఇంటర్నెట్ సెంటరులో గంటకి పదిహేను రూపాయలిచ్చి ఫారం ప్రింటు తీయించుకున్నాను. సిఫారసు ఉత్తరం కోసం ఒక లెక్చరరు గారి దగ్గరికి వెళ్తే, "నువ్వే రాసుకు రామ్మా, సంతకం పెడతాను" అన్నారు. (ఇది ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తున్న ఆచారమే అనుకోండి.) రాత్రంతా కూచుని రాశాను. 'ఈమె క్రమశిక్షణ గల విద్యార్థిని. హాజరు బాగుండును. పెద్దల యెడ గౌరవం కలది.' మూడే ముక్కలు. నాలుగోది రాలేదు. మా క్లాసు అబ్బాయి ఒకడు అదే లెక్చరరు గారి సంతకం కోసం తెచ్చుకున్న కాగితంలో, ఇరవయ్యేళ్ళ నా ఉద్యోగ జీవితంలో ఇంతటి మేధావిని చూడలేదు అని ఉంది. ఆయన రెండింటి మీదా ఒకే కలంతో సంతకం పెట్టారు.

ఆ అబ్బాయిని తప్పు పట్టను. తనని తాను పొగుడుకోవడం వాడికి ఎవరూ తప్పని చెప్పలేదు. నాకు చెప్పారు. ఎవరైనా ఇంటికొచ్చి 'మీ అమ్మాయి బాగా చదువుతుందటగా' అంటే, 'ఏదో లెండి' అని తల వంచుకోవాలి. ఫస్టు మార్కు వస్తే 'పేపరు తేలిగ్గా వచ్చింది' అనాలి. ఇరవై ఏళ్ళు ఇలా పెంచి, ఇరవై ఒకటో ఏట ఒక ఫారం ముందర కూచోబెట్టి, నీ ఘనత ఏమిటో చెప్పమంటే మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి?

ఆ ఫారంలో ఇంకో ప్రశ్న ఉంది. మీరు నాయకత్వం వహించిన ఒక సందర్భం రాయండి అని. దాని ముందు నాలుగు రోజులు కూచున్నాను. ఈలోగా పాస్‌పోర్టు లేదని తెలిసింది. నాన్న "మూడు నెలలా? ఒక్కదానివేనా? తోడెవరు?" అన్నారు. గడువు దాటిపోయింది. మరుసటేడు పెళ్ళయింది. తరవాతెప్పుడో మావారు, "ఎందుకైనా పనికొస్తుంది" అని నాకు పాస్‌పోర్టు తీయించారు. పదేళ్ళూ నిండి దాని గడువు కూడా తీరిపోయింది. ఒక్క ముద్ర పడలేదు. బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆ పిల్ల ఉత్తరం నేను రాసివ్వలేదు. రాసివ్వడం పెద్ద పనేమీ కాదు. కానీ రెండు పూటల్లో నేనొక మంచి కథ అల్లేస్తే, రేపు కంప్యూటరు తెర మీద ఎవరైనా మాస్టారు 'మీ ఉత్తరంలో ఈ ముక్క గురించి కాస్త చెప్పండి' అంటే ఈ పిల్ల ఎవరి కథ చెప్పాలి?

"నేను రాయను. అడుగుతాను, నువ్వు చెప్పు" అన్నాను. రోజూ పొద్దున్నే ఇద్దరం క్యాంపస్‌లోకి నడక మొదలుపెట్టాం. ఆరింటికే చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలు పుస్తకాలు పరుచుకుని ఉంటారు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా వెళ్ళి కూచునేవాళ్ళం. అన్నట్టు, ఆ భవనానికీ ఒక విదేశయాత్ర కథ ఉంది. కట్టే ముందు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లని అక్కడి విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని దేశదేశాలు తిప్పించింది. వాళ్ళు తిరిగొచ్చాక, జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి సాయంతో నమూనా తయారైంది. 1939లో ప్రారంభించారు. వెళ్ళి, చూసి, వచ్చి, కట్టారు. పై దేశం పోవడమంటే ఇలా కూడా ఉండొచ్చునని ఆ మెట్ల మీద కూచున్నప్పుడల్లా అనుకుంటాను.

"మీ బృందం ఫీల్డుకి వెళ్ళింది అన్నావు. ఎవరెవరు?"

"నలుగురం ఆంటీ. ముగ్గురు అబ్బాయిలు, నేను."

"నువ్వేం చేశావు?"

"రీడింగులు రాసిన. మిషను వాళ్ళు పట్టుకున్నరు. నువ్వు రాసుకో, నీ రాత మంచిగుంటది అన్నరు."

భూమిలో నాలుగు ఇనపకడ్డీలు దిగ్గొట్టి, వాటికి వైర్లు తగిలించి కరెంటు పంపుతారట. కింద రాయి ఉందా, నీళ్ళున్నాయా అనేదాన్ని బట్టి అంకె మారుతుంది. వీళ్ళు వెళ్ళింది నల్గొండ జిల్లాలో మునుగోడు వైపు. అంకెలు రాస్తున్న ఈ పిల్లకి ఒకచోట అనుమానం వచ్చింది. పక్క పక్క రీడింగులకి పొంతన లేదు. మగపిల్లలు ముగ్గురూ అక్కడ కింద ఏదో బండ ఉంటుందిలే అన్నారు. ఈమె వినలేదు. కడ్డీ దగ్గరికి నడిచి వెళ్ళి చూస్తే క్లిప్పు వదులుగా ఉంది. గీకి, బిగించి మళ్ళీ తీస్తే అంకె సరిగ్గా వచ్చింది. దాంతో పొద్దుటి నుంచీ తీసిన వరసంతా మళ్ళీ తీశారట.

"నీకెలా తెలిసిందే?"

"లూజు కనెక్షన్ అంటే తెల్వదా ఆంటీ? చిన్నప్పటి సంది మా నాయిన ఎంబడి టెస్టర్ పట్టుకుని తిరిగిన."

"మరి ఇది రాయలేదేం?"

"గిదేం రాస్తం ఆంటీ?" అంది, నిజంగానే ఆశ్చర్యపోయి. అంతేకాదు, కన్సల్టెన్సీ వాళ్ళు ఫారంలో తండ్రి వృత్తి 'ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్' అని వెయ్యమన్నారట. వేసింది కూడా.

చూశారా! చేసిన పనిని 'మా బృందం' కింద దాచేసింది, ఆ పని నేర్పిన నాన్నని 'కాంట్రాక్టర్' కింద దాచేసింది. తీరా మిగిలింది దేవుని దయ.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. మాటల్లో వాళ్ళ నానమ్మ ప్రస్తావన వచ్చింది. నానమ్మది మునుగోడు వైపు ఊరే. నల్గొండ ఫ్లోరైడ్ సంగతి మీకు తెలియంది కాదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముకి మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంతకి ఎన్నో రెట్లున్న నీళ్ళు తాగి ఆ ఊళ్ళలో ఎందరి ఎముకలో వంకర్లు పోయాయి. ఆ ముసలావిడ నడుం వంగిపోయి, నేలని చూస్తూ తప్ప నడవలేదట. ఇంకేం, నాలోని కథారచయిత్రి లేచి కూచుంది. "ఇదే నీ ఉత్తరం! మొదటి వాక్యంలోనే నానమ్మని పెట్టు. చదివినవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి" అన్నాను.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరవాత అంది. "వద్దాంటీ. మా నానమ్మ నడుము సంగతి వాళ్ళకెందుకు? గది చూసి సీటిస్తె, రేపు ఆడికి పోయినంక నన్ను చూసినప్పుడల్లా గదే యాదికొస్తది గద. నేను చదువుకుంటానికి పోతున్న, చందాలకి కాదు."

చెంప మీద కొట్టినట్టయింది. పేద పిల్లల దరఖాస్తుల్లో కన్నీళ్ళు ఉండాలని మనమూ అనుకుంటాం, ఎంపిక చేసేవాళ్ళలోనూ అలా ఎదురుచూసేవాళ్ళు ఉంటారు. కలవారి పిల్లలు తమ ప్రతిభ రాస్తే చాలు. లేనివాళ్ళ పిల్లలు ప్రతిభతో పాటు ఇంట్లో కష్టం కూడా చీటీ కట్టి పంపాలి. ఇదెక్కడి న్యాయం? కథల్లో నేను ఎందరు నానమ్మల్ని ఇలా వాడుకున్నానో ఆ రాత్రి పడుకుని లెక్కపెట్టుకున్నాను. అంకె చెప్పను.

అయితే ఊరి నీళ్ళ సంగతి మాత్రం రాసింది. అది దుఃఖంగా కాదు, చదువుగా. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే పద్ధతి ఒకటి మన నాగపూరు నీరీ సంస్థ తయారుచేసింది. దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్ళింది ఆ పేరు. ఫ్లోరైడ్ పుస్తకం ఏ దేశంలో తెరిచినా ఈ పిల్ల జిల్లా పేరు కనిపిస్తుందన్నమాట. ఆ ముక్క తనే వెతికి పట్టుకుని, "ఇది పెడతా ఆంటీ" అంది. ముఖం వెలిగిపోతోంది.

ఇంగ్లీషు తప్పులు ఉన్నాయి. రెండు మూడు దిద్దాను, మిగతావి వదిలేశాను. ఫారంలో తండ్రి వృత్తి 'ఎలక్ట్రీషియన్' అని మార్చింది. కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే ఒక మేడం, 'నువ్వే రాసుకురా' అనకుండా, రెండు పేజీలు తనే కూచుని సిఫారసు రాసిచ్చింది. అందులో ఆ లూజు కనెక్షన్ సంగతి ఉందట! ఆవిడకి తెలుసన్నమాట. ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలియని మనిషి, ఒక పిల్ల కోసం ఒక ఆదివారం ఖర్చుపెట్టింది. ఇలాంటి వాళ్ళ వల్లే మన చదువులు ఇంకా నడుస్తున్నాయి.

డబ్బు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. యూరప్ వాళ్ళది రాకపోతే ఏమిటని రెండో ఫైలు కూడా సిద్ధం చేశాం. మన రాష్ట్రంలో బీసీ పిల్లలకి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున విదేశీ విద్యానిధి 2016 నుంచి ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి అంబేద్కర్ పేరున, మైనారిటీలకి వేరుగా ఉన్నాయి. ఇరవై లక్షల దాకా సాయం, విమానం టికెట్టు. కేంద్రానిది నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, 1954-55 నుంచీ ఉంది. ప్రధానంగా ఎస్సీ పిల్లలకి. ఏడాదికి 125 మందికి, అందులో నూటికి ముప్ఫై ఆడపిల్లలకి. మంచి పథకాలు. కాదనను. కానీ రాష్ట్ర సాయంలో మొదటి వాయిదా చేతికొచ్చేది అక్కడ దిగినట్టు కాగితం చూపించాకే. మరి దిగేదాకా? ఇంగ్లీషు పరీక్షకే పదిహేడు, పద్దెనిమిది వేలు. దాని స్కోరు రెండేళ్ళకే చెల్లిపోతుంది. అమెరికా అయితే వీసా రుసుము కాక, విద్యార్థి నమోదుకే 350 డాలర్లు. దరఖాస్తు ఫీజులు వేరు. బావిలో దిగితే తాడు ఇస్తాం అన్నట్టుంది కదూ? ఈ మొదటి లక్షన్నర, రెండు లక్షలు లేక ఎందరు ఆగిపోతున్నారో ఏ లెక్కల్లోనూ కనపడదు, ఎందుకంటే వాళ్ళు దరఖాస్తే పెట్టరు. ఈ పిల్ల ఇంగ్లీషు పరీక్ష ఫీజు వాళ్ళమ్మ చీటీ పాడి కట్టింది.

ఆ తల్లి గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. ఒకరోజు బ్లౌజు కొలత ఇవ్వడానికి వెళ్తే, నోట్లో గుండుసూదులు తీసి పక్కన పెట్టి, "మేడం, మీరు దానికి మంచిగ రాయిస్తున్నరు, సంతోషమే. కని గంత దూరం ఒక్కతి ఎట్ల ఉంటది? లగ్గం చేసి పంపిస్తె నాకు రంధి ఉండకపోవు" అంది.

నేను ఠక్కున ఏమీ అనలేకపోయాను. ఎందుకంటే దరఖాస్తు అక్కర్లేని విదేశయానం మన ఇళ్ళలో ఒకటి ఎప్పటినుంచో ఉంది. పెళ్ళి! నాతో చదువుకున్న వాళ్ళలో ముగ్గురు అలాగే అమెరికా వెళ్ళారు. ఒకతె ఎమ్మెస్సీ గోల్డు మెడలు. వీసాలో భార్య అని రాసి ఉంది గనక ఏ పనీ చెయ్యకూడదు. 2015లో కొందరికి అనుమతి వచ్చేదాకా ఏళ్ళతరబడి అలాగే ఉండిపోయారు. ఆ గోల్డు మెడలు పిల్ల ఫోను చేసినప్పుడల్లా వంటల గురించే మాట్లాడేది.

ఇంకో వైపు కూడా ఉంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో హార్వర్డ్ వెళ్ళారు. మామగారు డబ్బు సాయం చేశారు. ఆయన చేసిన పరిశోధనల వల్ల ప్రపంచానికి ఎన్ని మందులొచ్చాయో చెప్పక్కర్లేదు. 1948లో న్యూయార్క్‌లో పోయారు. మళ్ళీ ఈ నేల తొక్కలేదు. భార్య శేషగిరమ్మ ఇక్కడే ఉండిపోయింది. ఆయన మీద వ్యాసాలు చదివినప్పుడల్లా ఆవిడ గురించి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. మన పెద్దవాళ్ళకి పై దేశం అంటే భయం ఊరికే పుట్టలేదు. పోతే పోయినట్టే అని వాళ్ళ అనుభవం.

పోయి రావడం అనేది మనకి అలవాటు కాలేదు. యూరప్‌లో అసలు ఎరాస్మస్ మొదలైంది 1987లో, నేను పుట్టిన ఏడు. ఒక దేశం కాలేజీ పిల్లలు ఇంకో దేశంలో కొన్నాళ్ళు చదువుకుని ఇంటికి రావడానికి పెట్టిన పథకం అది. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా 1998 నుంచీ విదేశీ విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం ఉంది. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు అమెరికా నుంచి వచ్చి, ఒక సెమిస్టరు చదువుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ అమ్మానాన్నలకి బెంగ ఉండదా? ఉంటుంది. కానీ తిరుగు టికెట్టు తారీకు తెలుసు. మన పిల్లలకి డిగ్రీలో ఉన్నప్పుడే నాలుగు నెలలు వెళ్ళి వచ్చే దారులు ఎక్కువ ఉంటే, మా కింది ఇంటావిడ అంత బెంగపడేది కాదేమో. మనవాళ్ళు లక్షల్లో వెళ్తున్నారు, నిజమే. 2023-24లో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో అందరికన్నా మన దేశం వాళ్ళే ఎక్కువ, 3 లక్షల 31 వేల పైచిలుకు. కానీ వాళ్ళలో చాలామంది అప్పు చేసి వెళ్ళేవాళ్ళు. ఆ అప్పు తీర్చాలంటే అక్కడే ఉద్యోగం చెయ్యాలి. 2025లో మే నెలాఖరు నుంచి మూడు వారాలు అమెరికా వాళ్ళు విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఆపేస్తే, మా వీధిలో రెండిళ్ళల్లో పొయ్యి వెలగలేదు.

సరోజినీ నాయుడు గారు 1895లో, పదహారేళ్ళ వయసులో, మన హైదరాబాద్ నుంచే నిజాం స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్ళారు. మూడేళ్ళకి తిరిగొచ్చారు. తండ్రి నిజాం కాలేజీకి పునాది వేసిన విద్యావేత్త. ఇంట్లో పుస్తకాలు, ఇంగ్లీషు, నవాబుల రాకపోకలు. నూట ముప్ఫై ఏళ్ళ తరవాత ఒక ఎలక్ట్రీషియన్ కూతురు అదే ఊరి నుంచి, ఎవరి సిఫారసూ లేకుండా, సొంత ఉత్తరంతో పోటీ పడుతోందంటే అది చిన్న మార్పు కాదని ఆ తల్లితో చెప్పాను. ఆవిడ విని, "అన్నీ నిజమే మేడం, కని రాత్రిపూట జ్వరమొస్తె ఎవరు చూస్తరు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు.

గడువు ఆఖరి రోజు యూరప్‌లో అర్ధరాత్రి అంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర. ఆ రాత్రి వాళ్ళింట్లో లైటు ఆరలేదు. వాళ్ళ నాన్న కరెంటు పోకుండా ఇన్వర్టరు బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చి పెట్టాడు. తల్లి మిషను దగ్గర కూచుని చీరకి ఫాల్ కుట్టింది. మూడింటికి పంపేశాను ఆంటీ అని మెసేజి వచ్చింది. నేనూ మేలుకునే ఉన్నాను.

వేసవిలో ఫలితం తెలిసింది. రాలేదు, పోనూలేదు. రిజర్వు జాబితాలో ఉంచారు. పైవాళ్ళెవరైనా వద్దంటే వస్తుందన్నారు. ఎవరూ వద్దనలేదు. ఆ పిల్ల రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వాళ్ళ నాన్న పైకొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "ఇంకొక్క ఏడాది చూద్దామన్న మేడం. గప్పటికి గూడ రాకపోతె లగ్గమే అని చెప్పిన. తప్పా?" అని అడిగాడు. ఆ 'తప్పా' అన్న మాటలో ఎంత బరువుందో నాకు తెలుసు. ఒక ఏడాది ఇవ్వడమే ఆయనకి చుట్టాల ముందు పెద్ద ధైర్యం.

సంబంధాలు వస్తున్నాయి. వాటిలో రెండు అమెరికావే. పిల్ల పొద్దున ఒక బోరు సర్వే కంపెనీలో పనికి వెళ్తోంది. ఇప్పుడు మిషను తనే పట్టుకుంటోందట. సాయంత్రం వచ్చి దరఖాస్తు ముందు కూచుంటోంది. మళ్ళీ గడువు దగ్గరికొచ్చింది.

నిన్న మెట్ల మీద ఎదురుపడి, "ఆంటీ, ఈసారి ఉత్తరంల మొదటి వాక్యం మార్చిన" అంది.

"ఏదీ, చూపించు" అన్నాను చెయ్యి చాపుతూ.

"వద్దులెండి ఆంటీ, మంచిగనే వచ్చింది" అని నవ్వి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.